నెలసరి నొప్పికి ఇంటి ఉపశమనము

మెదకు సీమలో నిజాంపేట వంటి ఊళ్ళ యందు "ఆడపుట్టుకకు ఈ నొప్పి తప్పదు" అని పెద్దలు చెప్పుట కద్దు. ఆ మాటను మేము అంగీకరింపము.

నెలసరి సమయమున గర్భాశయపు లోపొరలో ప్రోస్టాగ్లాండినులను ద్రవ్యములు పుట్టి, కండరమును బిగియజేయును. నొప్పికి మూలమదియే. దానిని సడలించుటకు వేడి మంచి సాధనము. వేడినీళ్ళ సంచి లేనిచో, ఇసుకను మూకుడులో వేచి, మందపు గుడ్డలో మూటగట్టి, చేతితో తాకి చూచి, ఓర్చుకొనదగిన వేడితో పొత్తికడుపుపై కాపడము పెట్టవలెను. 2001లో ప్రకటితమైన యొక పరిశోధనలో సుమారు 39 డిగ్రీల వేడిపట్టీ, ఇబూప్రొఫెన్ మాత్రతో సమానముగా పనిచేసినది.

శొంఠిపొడిని మొదటి మూడు దినములు పుచ్చుకొన్నవారికి నొప్పి తగ్గినట్లు చిన్న పరీక్షలు కొన్ని చూపినవి. వామునకు అంతటి సాక్ష్యము లేదు; రుచికి వేసికొన్న తప్పులేదు. కొంత నడకయు మేలే. పిల్లను మూల చాపపై కూర్చుండబెట్టు ఇండ్లలో అదియే దుర్లభము!

అయితే ఏటేట పెరుగు నొప్పికి, గంటకొక గుడ్డ తడియు రక్తస్రావమునకు, నెలసరి కాని దినములలోని బాధకు శొంఠి మందు కాదు. గర్భాశయపు లోపొరను బోలిన కణజాలము వెలుపల పెరుగు ఎండోమెట్రియోసిస్ అను వ్యాధియు కావచ్చును. అట్టి బిడ్డను జాగుచేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తోడ్కొని పోవలెను. ఆమె బడి మానిన దినములను తల్లి గోడ క్యాలెండరుపై గుర్తుపెట్టి చెప్పినచో వైద్యురాలికి సగము పని తీరును.