కిల్లారి నేర్పిన పాఠము

భూమికి మన పూర్వులు పెట్టిన పేర్లలో అచల ఒకటి, స్థిర మరియొకటి. కదలనిది, నిలుకడ గలది అని వాని అర్థము. దక్కను పీఠభూమిపై కాపురముండు మనకు ఈ పేర్లు మరింత సార్థకములుగా తోచుచుండెను. హిమాలయములు లేత వయసు కొండలు, అచ్చట నేల అదరుట వింత కాదు. మన దక్షిణాపథము వందల కోట్ల యేండ్లనాటి శిలాపీఠము, దీనికి చలనము లేదు, అని చాలకాలము చెప్పుకొంటిమి. 1967 డిసెంబరు 11వ తేదీన మహారాష్ట్రములోని కొయనా చెంత భూకంపము వచ్చి సుమారు 180 మంది మరణించినప్పుడు ఆ నమ్మకమునకు మొదటి బీట పడినది. అయినను అది పెద్ద జలాశయము ప్రక్కన జరిగినది గనుక, ఆ నీటి ప్రభావమే దానికి కారణమని తలచి ఊరడిల్లితిమి. 1993లో కిల్లారి ఆ ఊరటను తుడిచివేసినది.

కిల్లారి మహారాష్ట్రములో లాతూరు జిల్లాలోని పెద్ద గ్రామము. హైదరాబాదు నగరమునకు వాయవ్యముగా రెండువందల కిలోమీటర్లకు కొంచెము పైబడిన దూరమున నున్నది. ఆ సీమ మనకు పరాయిది కాదు. 1956 వరకు అది హైదరాబాదు రాష్ట్రములోని ఉస్మానాబాదు జిల్లాలో భాగము. లాతూరు వేరు జిల్లాగా ఏర్పడినది 1982లో. ఉస్మానాబాదునకు ఇప్పటి పేరు ధారాశివ్. నల్లరేగడి పొలములు, జొన్న చేలు, రాతిగోడల యిండ్లు, వానిపై మట్టి మిద్దెలు — తెలంగాణపు పడమటి పల్లెలను చూచినవారికి అచ్చటి పల్లె వింతగా కనబడదు.

1993 సెప్టెంబరు 29వ తేదీ అనంత చతుర్దశి. ఊరూర వినాయకుని నిమజ్జనము చేసి, ఉత్సవపు బడలికతో జనులు ప్రొద్దుపోయి నిద్రించిరి. తెల్లవారిన 30వ తేదీ, వేకువను 3 గంటల 56 నిమిషములకు భూమి కంపించినది. ఆ కంపనము హైదరాబాదులోను తెలిసినది. దాని పరిమాణము 6.2. ఒక నిమిషమైనను నిండకముందే కిల్లారి, మంగ్రూళ్, తళణి, ధారాశివ్ జిల్లాలోని సాస్తూరు, హోళి, పేట్‌సాంగ్వి మొదలైన గ్రామములు రాళ్ల కుప్పలైనవి. మృతుల సంఖ్యను కొందరు 8 వేలకు దాపుగను, కొందరు 10 వేలకు దాపుగను చెప్పుదురు. గాయపడినవారు సుమారు 16 వేలమంది. నేలమట్టమైన యిండ్లు 30 వేలకు దాపు. దెబ్బతిన్నవి లక్షల లెక్కలోనివి.

ఇంతటి యుపద్రవమునకు కారణమేమి? భూమి పైపొర ఒకే ముక్క కాదు. పెద్ద పెద్ద ఫలకములుగా నున్నది. మన దేశము నిలిచియున్న ఫలకము ఏటేట నాలుగైదు సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యముగా జరుగుచు, ఉత్తరమున ఆసియా ఫలకమును ఒత్తుచున్నది. ముందు అడ్డుపడిన బండిని వెనుకనుండి త్రోసినపుడు ఆ ఒత్తిడి ముందు భాగమునకే గాక బండి యంతటికిని తగులును గదా! అట్లే హిమాలయముల చెంతనే గాక, వేల మైళ్ల ఫలకమంతటను ఒత్తిడి నిండియుండును. ఎక్కడ శిలలో పూర్వకాలపు చీలిక యున్నదో అక్కడ అది యెన్నడో ఒకనాడు తాళలేక జారును. కిల్లారి క్రింద జరిగినది ఇదియే. పది కిలోమీటర్లు లేక అంతకంటె తక్కువ లోతున, ఒక ప్రక్కనున్న శిల రెండవదానిపైకి ఎగబ్రాకినది. కిల్లారి చెంత పొలములలో నేల చీలి, ఒక వైపు కొంత పైకి లేచిన గుర్తులు పిమ్మట పరిశోధకులకు కనబడినవి.

ఆ చీలిక యున్నట్లు ముందుగా ఏల తెలియలేదు? మహారాష్ట్రపు ఆ భాగమునంతటిని సుమారు ఆరున్నర కోట్ల యేండ్లనాటి లావా శిల కప్పియున్నది. భూకంపము తరువాత కిల్లారిలో త్రవ్విన లోతైన బోరులో ఈ నల్లరాయి సుమారు 338 మీటర్ల మందమున కనబడినది. దాని క్రిందనున్నవి హైదరాబాదు చుట్టును మనము చూచునట్టి అతి ప్రాచీన శిలలు. మీద నల్లని దుప్పటి కప్పియుండగా క్రింది గాయము కంటికి కనబడునా? అందుచేతనే అప్పటి భూకంప మండలముల పటములో ఈ సీమను మొదటి మండలమున, అనగా అన్నిటికంటె తక్కువ ప్రమాదము గల చోట చేర్చియుండిరి. 1992 అక్టోబరులో అచ్చట చిన్న చిన్న అదురులు పలుమార్లు కలిగినవి. అవి క్రమముగా తగ్గగా జనుల భయమును తగ్గినది. అట్టి అదురులు ఒక్కొక్కచోట పెద్ద దానికి ముందు నడచును; అనేక స్థలములలో ఏమియు తేకుండ అణగిపోవును. ఫలాని నాడు, ఫలాని చోట భూకంపము వచ్చునని చెప్పగల శాస్త్రము నేటికిని లేదు.

అయినను, ఈ ప్రసంగమున మేము ముఖ్యముగా చెప్పదలచినది భూమి చలనమును గురించి కాదు, గోడను గురించి. 1989 అక్టోబరు 17న అమెరికాలోని కాలిఫోర్నియాలో లోమా ప్రియెటా భూకంపము వచ్చినది. దాని పరిమాణము 6.9. కిల్లారి భూకంపముకంటె అది సుమారు పదిరెట్లు అధిక శక్తి గలది. ఎత్తైన భవనములు గల పెద్ద నగరముల చెంత సంభవించినది. అందు మరణించినవారు 63 మంది. పదియవ వంతు శక్తి గల కిల్లారి వేలమందిని ఏల బలిగొన్నది? అచ్చట సాయంకాలము, ఇచ్చట అందరును ఇంట నిద్రించు వేకువ అన్నది కొంత కారణము. పెద్ద కారణము ఇల్లే.

మరాఠ్వాడాలోని పల్లెటింటి గోడ రెండడుగుల మొదలు నాలుగడుగుల వరకు మందముండును. చూచుటకు కోటగోడవలె కనబడును. నిజమునకు అది ఒక గోడ కాదు, రెండు. బయటి వైపున ఒక రాతి వరుస, లోపలి వైపున మరియొక రాతి వరుస; నడుమ చిన్నరాళ్లు, మట్టి. ఈ రెండు వరుసలను కలిపి పట్టు రాయి లేదు. రాళ్ల నడుమ సున్నము గాని, సిమెంటు గాని లేదు, అడుసు మాత్రమే. పైన దూలములు, వానిపై చెక్కలు, ఆ పైన అడుగు, రెండడుగుల మట్టి. వానకు కరిగినదని ఏటేట క్రొత్త మట్టి పోయుటచేత కప్పు నానాటికి బరువెక్కును. నేల అదరగానే రెండు వరుసలు విడిపోయి, ఒకటి వీధిలోనికి, ఒకటి ఇంటిలోనికి పడినవి. ఆధారము పోయిన కప్పు నిద్రించువారిపై కూలినది. రాయి నలగగొట్టినవారు కొందరు. మట్టి ఊపిరి సలుపనీయక చంపినవారు మరికొందరు.

ఇందు మరియొక విశేషము కలదు. కొన్ని యిండ్లలో కప్పు భారము గోడపై గాక, కర్ర స్తంభములపై నిలిచియుండెను. అట్టి చోట్ల గోడలు పడిపోయినను స్తంభములు, దూలములు పలుచోట్ల నిలిచి లోపలివారిని కాచినవి. పూరి గుడిసెలలోని పేదలు బ్రదికి, మందపు గోడల యిండ్లలోని కలవారు మరణించిన యూళ్లు కలవు. ఆ గోడలు కట్టినవారు తెలివిలేనివారు కారు. వేసవి ఎండ లోనికి రాకుండుటకును, దొంగ కన్నము వేయకుండుటకును తమ కనుభవములో నున్న భయములన్నింటికిని విరుగుడు చేసికొనిరి. తరతరములుగా రాని భయమొక్కటే వారి లెక్కలో చేరలేదు.

ఆ వేకువను మొట్టమొదట సహాయమునకు వచ్చినవారు ఎవరు? బ్రదికి బయటపడిన ఇరుగుపొరుగువారే. చీకటిలో, ధూళిలో, గడ్డపారలతోను, వట్టి చేతులతోను రాళ్లు తొలగించిరి. ఇరుకు సందులు రాళ్లతో పూడిపోయినందున ఏది వీధియో, ఏది యిల్లో తెలియకుండెను. పిదప పోలీసు బలములు, సైన్యము, వైద్యులు, స్వచ్ఛంద సేవకులు వచ్చిరి. గాయపడినవారిని లాతూరు, షోలాపూరు మొదలైన చోట్ల ఆసుపత్రులకు చేర్చిరి. దానికి తోడు వాన పడి శిథిలములను బురద చేసినది. చూడవచ్చినవారి వాహనములతో దారులు నిండి, సహాయపు బండ్లకు ఆటంకము కలిగినది. దహనమునకు కట్టెలు చాలక ఒకే చితిపై పలువురిని ఉంచవలసి వచ్చినది. కూలిన యింటి క్రిందనున్నవారి ప్రాణము గడియలలో దక్కవలెను. దూరమునుండి వచ్చు సహాయము ఎంత త్వరపడినను గడియలు గడచిన పిదపనే చేరును. కావున తొలి సహాయము ఎల్లప్పుడును ఊరివారిదే. అందుకు వారిని సిద్ధపరచుట యెట్లను ప్రశ్న ఆనాడు దేశము ముందు నిలిచినది. 2001 జనవరి 26న గుజరాతులో భుజ్ భూకంపము ఆ ప్రశ్ననే మరింత గట్టిగా అడిగినది. 2005లో విపత్తుల నిర్వహణ చట్టమును, 2006లో జాతీయ విపత్తు స్పందన దళములును ఏర్పడినవి. వానిలో పదియవ దళము మన విజయవాడ చెంతనే యున్నది.

పునర్నిర్మాణము ప్రపంచ బ్యాంకు ఋణసహాయముతో 1994లో ఆరంభమైనది. పూర్తిగా పాడైన 52 గ్రామములను వేరు స్థలములలో క్రొత్తగా కట్టిరి. అందు విశాలమైన వీధులు తీర్చిరి గాని, పొలము దూరమైనదనియు, పాత పేటల పొరుగు చెదరినదనియు నివాసులు బాధపడిరి. దీనికంటె మనము శ్రద్ధతో గమనింపదగిన పని వేరొకటి కలదు. తక్కువ దెబ్బతిన్న గ్రామములలో, 2 లక్షలకు సమీపమైన యిండ్లను ఉన్నచోటనే ఇంటివారిచేతనే మరమ్మతు చేయించి గట్టిపరచిరి. డబ్బు విడతలుగా ఇచ్చి, ఇంజనీర్లచేత పద్ధతి చెప్పించి, మేస్త్రీలకు తరిఫీదు నిచ్చిరి. ఊరూర స్త్రీలను సంవాద సహాయకులుగా నియమించి, పని విషయమై ఇంటివారితో మాట్లాడించిరి. తన యింటి గోడ ఏల పడినదో గ్రహించిన గృహిణి మరల అట్టి గోడను కట్టనీయదు.

ఆ పద్ధతిలో గొప్ప యంత్రములు లేవు. గోడ ఈ ముఖమునుండి ఆ ముఖమువరకు పట్టు పొడవాటి రాళ్లను, ఇంచుమించు రెండడుగుల యెత్తున కొక వరుసగాను, మూడు నాలుగడుగుల యెడముగాను పెట్టవలెను. అట్టి రాయి దొరకనిచో, ఇనుప కొక్కెమును పెట్టి కాంక్రీటు పోసినను చాలును. తలుపులు, కిటికీల నెత్తిన ఇంటిచుట్టును తెగకుండ ఒక కాంక్రీటు పట్టీ పోయవలెను. పెట్టెకు కట్టిన త్రాడువలె అది నాలుగు గోడలను ఒక్కటిగా పట్టియుంచును. మూలలను బాగుగా పెనవేయవలెను. మిద్దెపై పేరుకొన్న మట్టిని తగ్గించి, వాన దిగకుండ వేరు కప్పు వేయవలెను. ఇట్టి యిండ్లకు తగిన నియమములను భారతీయ ప్రమాణముల సంస్థ ఆ 1993లోనే ప్రకటించినది.

ఇది మరాఠ్వాడా కథ యని మనము విని విడువరాదు. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతమున 5.4 పరిమాణము గల భూకంపము వచ్చినది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలము చెంత 5.7 పరిమాణముతో భూమి కంపించినది. 2024 డిసెంబరు 4వ తేదీ ఉదయము ములుగు జిల్లాలో 5.3 పరిమాణముతో వచ్చిన కంపనము హైదరాబాదు వరకు తెలిసినది. ప్రాణనష్టము లేకుండ అది గడచినది గాని, కిల్లారిది శక్తిలో దానికి ఇరువదిరెట్లకు పైబడినది. 2002లో సవరించిన పటములో మొదటి మండలమను మాటనే తీసివేసిరి. బొత్తిగా భయము లేని చోటు దేశమున లేదని దాని భావము. కర్నూలు, అనంతపురము మండలములలో దూలములు, దంతెలు పరచి చౌడుమట్టి పోసిన పాత మిద్దెలు, తెలంగాణములో అడుసు పెట్టి కట్టిన రాతిగోడలు ఇంకను కలవు. వానిలో ముసలివారు, బీదవారు నిద్రించుచున్నారు. పట్టణములలోనో, కారు నిలుపుటకని క్రిందియంతస్తును గోడలు లేని స్తంభములపై నిలిపి, పైన నాలుగైదు అంతస్తులు కట్టుచున్నాము. భుజ్ భూకంపమున అహమ్మదాబాదులో అట్టి భవనములు పలు కూలినవి.

క్రొత్తగా ఇల్లు కట్టువారు మేస్త్రీని అడుగవలసినవి మూడు కలవు: గోడ రెండు ముఖములను కలుపు రాయి ఎక్కడ? తలుపుల నెత్తిన పట్టీ ఇల్లంతయు చుట్టి వచ్చినదా? కప్పు బరువెంత? పాత మిద్దె గలవారు ఈ వేసవిలో క్రొత్త మట్టి పోయుటకు ముందు, పాత మట్టి ఎంత యున్నదో త్రవ్వి చూడవలెను. గోడ నడుమ ఉబ్బినచో, లోపలి రెండు వరుసలు విడిపోవుచున్నవని తెలిసికొనవలెను. నేల అదరినప్పుడు బీటలు వారిన యింటిలోనికి మరల పోరాదు; మరియొక అదురు వచ్చుట సహజము. ప్రతి గ్రామమున నలుగురైనను గాయమునకు కట్టు కట్టుట, శిథిలములను జాగ్రత్తగా తొలగించుట నేర్చి యుండవలెను. భూమి యెన్నడు కదలునో మన చేతిలో లేదు. గోడలో ఒక పొడవాటి రాయి పెట్టుట మాత్రము మన చేతిలోనే యున్నది.