మనవలతో విదేశాల్లో హోటలు భోజనం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు డి.ఏ. బకాయిల గురించి, డాక్టరుగారు మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పిన తర్వాత నన్ను హోటలు భోజనం గురించి మాట్లాడమన్నారు. ఇదేమి విషయమని కొందరికి నవ్వు రావచ్చు. కాని మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. మనం వెళ్ళి నాలుగైదు నెలలు ఉండి వస్తున్నాము. అక్కడ వారాంతం వచ్చిందంటే మనవలతో సహా అందరూ బయట తినడానికి బయలుదేరుతారు. ఆ బల్ల దగ్గర మనం ఎలా మెలగాలన్నదే నేను చెప్పదలచినది.

మొదటిది డబ్బు సంగతి. మెనూ కార్డు చేతికి రాగానే డాలర్లను రూపాయల్లోకి మార్చడం మనకు అలవాటు. ఆ లెక్కతో "నాకు ఆకలి లేదు, మీరు కానివ్వండి" అని చేతులు ముడుచుకుని కూర్చుంటాము. దానివల్ల పిల్లలకు ఒక్క డాలరు మిగలదు, పైగా వాళ్ళకూ ముద్ద దిగదు. అక్కడి వడ్డన పెద్దది. ఒక పళ్ళెం ఇద్దరం పంచుకోవచ్చు. మిగిలినది డబ్బాలో పెట్టి ఇమ్మని అడగడం అక్కడ చిన్నతనం కాదు, అందరూ అడుగుతారు. పిల్లలకు వేరే మెనూ ఉంటుంది, ధర తక్కువ. చాలాచోట్ల దాన్ని పన్నెండేళ్ళ లోపు వారికే ఇస్తారు.

బిల్లు మీద నూటికి 15 నుంచి 20 వరకు టిప్పు ఇవ్వడం చూసి మనకు ప్రాణం ఉసూరుమంటుంది. అది దుబారా కాదు. అక్కడ టిప్పులు తీసుకునే పనివారికి యజమాని ఇవ్వవలసిన కనీస కూలి, కేంద్ర చట్టం ప్రకారం, గంటకు 2 డాలర్ల 13 సెంట్లు. 1991 నుంచి ఆ అంకె మారలేదు. కొన్ని రాష్ట్రాలు ఎక్కువ నిర్ణయించాయి గాని, అనేకచోట్ల వారి జీవనం టిప్పు మీదే. కరువు భత్యం కోసం ధర్నాలు చేసిన మనకు వారి బాధ ఒకరు చెప్పాలా? పెద్ద బృందంగా వెళితే కొన్ని హోటళ్ళు టిప్పును ముందే బిల్లులో కలిపేస్తాయి. కనుక బిల్లు చూసి ఇవ్వాలి.

రెండవది శాకాహారం. పైకి మాంసం కనిపించకపోతే శాకాహారమే అనుకోరాదు. మెక్‌డొనాల్డ్స్ సంస్థ 1990లో, బంగాళాదుంప వేపుళ్ళను ఇకపై శాకనూనెలోనే వేయిస్తామని అమెరికాలో ప్రకటించింది. మనవాళ్ళు నమ్మి తిన్నారు. రుచి కోసం అందులో గొడ్డుమాంసం నుంచి తీసిన పదార్థం కలుపుతున్నారని తర్వాత బయటపడి, కేసులు నడిచాయి. 2002లో ఆ సంస్థ క్షమాపణ చెప్పి, హిందూ, శాకాహార సంఘాలు మొదలైన వాటికి కోటి డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ పదార్థం అమెరికాలో ఇప్పటికీ వాడుతున్నారు. అలాగే సూపులో కోడి ఉడికించిన నీరు, మెక్సికో వారి చిక్కుడు ముద్దలో పందికొవ్వు, పిల్లలు ఇష్టపడే జెల్లీల్లో జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉండవచ్చు. "వెజిటేరియనా?" అని ఒక్క మాట అడిగి ఊరుకోక, మనం తిననివి పేరుపేరునా చెప్పి అడగాలి.

మూడవది అన్నింటికంటే ముఖ్యమైనది, ప్రాణాలతో ముడిపడినది. కొందరు పిల్లలకు వేరుశనగ, జీడిపప్పు, నువ్వులు, పాలు, గుడ్డు వంటివి పడవు. పడకపోవడమంటే కడుపునొప్పి వచ్చి పోవడం కాదు. పెదవులు వాచి, ఒళ్ళు దద్దురులెక్కి, ఊపిరి అందక నిమిషాల్లో ప్రాణం మీదికి రావచ్చు. అమెరికా చట్టం తొమ్మిది పదార్థాలను ప్రధానమైనవిగా గుర్తించి, పొట్లాల మీద వాటి పేర్లు ముద్రించాలంటున్నది. అందులో నువ్వులు చేరింది 2023 జనవరి నుంచి. హోటలు పళ్ళెం మీద అలాంటి చీటీ ఉండదు, మనమే అడగాలి.

మా మనవరాలికి వేరుశనగ పడదు. ఒకసారి న్యూజెర్సీలో మనవాళ్ళ హోటలుకు వెళ్ళాము. వడ్డించే అబ్బాయి "ఇడ్లీలో ఏమీ లేదండీ" అన్నాడు. ఆరేళ్ళ పిల్ల నా చొక్కా పట్టి లాగి, "తాతయ్యా, చట్నీ సంగతి అడుగు" అన్నది. లోపల కనుక్కుంటే అది పల్లీల చట్నీయే. మన వంటలోనే ఈ ప్రమాదం ఎక్కువని గ్రహించండి. చట్నీలో పల్లీలు, కూరలో జీడిపప్పు ముద్ద, పొడిలో నువ్వులు. "ఒక్క ముద్ద తింటే ఏమవుతుందే" అనే మన ప్రేమమాట అక్కడ పనికిరాదు. కూతురో కోడలో వద్దంటే అది మన పెద్దరికాన్ని తోసిపుచ్చడం కాదు. అలాంటి పిల్లలకు ఎపినెఫ్రిన్ సూదిమందు వెంట ఉంటుంది. తొడ బయటివైపు పొడిచి, వెంటనే 911కు ఫోను చేయాలి. ఎలా వాడాలో వెళ్ళిన మొదటి వారంలోనే నేర్చుకోండి.

ఏడాది నిండని పాపకు తేనె నాకించకూడదు. నాలుగేళ్ళలోపు వారికి ద్రాక్షపండు నిలువునా కోసి పెట్టాలి, గుండ్రంగా ఇస్తే గొంతుకు అడ్డుపడుతుంది. మనవడు నిద్రపోయాడని కారులో ఒంటరిగా వదిలి లోపలికి వెళ్ళడం ఎండ వేళ ప్రాణాంతకం, పలు రాష్ట్రాల్లో నేరం కూడా.

చివరగా ఒక మాట. అక్కడ వడ్డించేవారు పిల్లవాడినే అడుగుతారు, నీకేం కావాలని. మనం తొందరపడి జవాబు చెప్పకుండా వాడిని చెప్పనివ్వాలి. నోరు తెరిచి అడగడం నేర్చిన పిల్లే తన ప్రాణం తాను కాపాడుకోగలదు. ఇంట్లో పెద్దలకు కంప్యూటరు, పిల్లలకు హోంవర్కు. అందరి చేతులూ ఖాళీగా ఉండేది వంట వచ్చేలోపు ఆ పావుగంటే. అప్పుడు మనవడి చేతిలో ఫోను పెట్టకుండా ఒక పొడుపుకథ వేయండి. తెలుగు వాళ్ళకు అంటేది అలాంటి చోటే.

ఈ ఏడాది ప్రయాణమవుతున్న మిత్రులు మందులచీటీ, ఇన్సూరెన్సు కాగితాలు సర్దుకోవడంతోపాటు పిల్లలకు ఫోను చేసి, "మనవలకు ఏది పడదు?" అని అడిగి రాసుకోండి. తిరిగి వచ్చాక మీ అనుభవాలు మన పత్రికకు రాయండి.