హాజరు పట్టీ, జావా లిస్టు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక బెంచీల్లో ఇప్పటి పదో తరగతి పిల్లలు కూర్చున్నారు. వెనక బెంచీ సంగతి నాకు బాగా తెలుసు. అక్కడ గుసగుసలు వినిపించినా నేనేమీ అనుకోను.

"నువ్వు చేసే పని ఏమిటో పిల్లలకు అర్థమయ్యేలా కాసేపు చెప్పు" అన్నారు కార్యదర్శి గారు. నేను 1984లో ఇక్కడ పదో తరగతి పూర్తిచేశాను. తర్వాత ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, 1999లో జావా అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నాను. అప్పట్నుంచి అదే అన్నం పెడుతోంది. ఆ భాషలో నేను రోజూ వాడేది లిస్టు, అంటే జాబితా. దాని గురించే చెబుతాను. బయట వరండాలో గోడకు అంటించిన పూర్వ విద్యార్థుల జాబితా తయారుచేసింది నేనే. అందులో రెండు తప్పులు చేశాను. ఆ మాట కూడా ఇక్కడే ఒప్పుకోవాలి.

జావా 1996లో వచ్చింది. అందులో పేర్లు వరుసగా దాచుకోవడానికి అర్రే అని ఒకటుంది. అది పరీక్ష హాల్లో బల్లల్లాంటిది. నలభై వేస్తే నలభయ్యే, నలభై ఒకటో వాడొస్తే చోటుండదు. 1998 చివర్లో వచ్చిన జావా 1.2లో జాషువా బ్లాక్ అనే ఇంజనీరు రూపకల్పన చేసిన కలెక్షన్స్ వచ్చాయి. వాటిలోదే అర్రేలిస్ట్. ఇది మన హాజరు పట్టీ లాంటిది. మధ్యలో కొత్తవాళ్లు చేరి పట్టీలో గీతలు చాలకపోతే మాస్టారు ఏం చేసేవారు? ఇంకో పెద్ద పట్టీ తెచ్చి, పాత పేర్లన్నీ అందులోకి ఎక్కించేవారు. అర్రేలిస్ట్ కూడా లోపల అచ్చంగా అదే చేస్తుంది. మామూలుగా పది మందికి చోటుతో మొదలుపెడుతుంది. నిండితే సగం పెంచి పదిహేను, ఆ తర్వాత ఇరవై రెండు, ముప్పై మూడు, నలభై తొమ్మిది, డెబ్బై మూడు. మా తరగతిలో అరవై రెండు మందిమి. మమ్మల్ని ఒక్కొక్కరిగా చేరిస్తే అది అయిదుసార్లు పట్టీ మార్చి రాసుకుంటుందన్న మాట. మనకు తెలియనివ్వదు. ఒక్క తేడా, మాస్టారు ఒకటో నంబరు నుంచి పిలిచేవారు, జావా సున్నా నుంచి పిలుస్తుంది. పాతికేళ్లయినా ఇప్పటికీ అప్పుడప్పుడు నాకు అక్కడ తడబాటే.

2004 నుంచి ఇంకో సౌకర్యం వచ్చింది. ఇది విద్యార్థుల జాబితా అని ముందే చెప్పొచ్చు. అలా చెప్పాక పొరపాటున అందులో బెంచీని చేర్చబోతే కంపైలరే ఒప్పుకోదు.

ఇక్కడ పిల్లలు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. హాజరు పట్టీలో ఉండేది పేరు, పిల్లవాడు కాదు. పిల్లవాడు గ్రౌండులో కబడ్డీ ఆడుతుంటాడు. జావాలో ఆ పిల్లవాణ్ని ఆబ్జెక్ట్ అంటాం. లిస్టులో ఉండేది అతను ఎక్కడున్నాడో చూపించే ఆనవాలు మాత్రమే. ఒకే పిల్లవాడు తరగతి జాబితాలోనూ కబడ్డీ జట్టు జాబితాలోనూ ఉండొచ్చు. అతని చిరునామా మారిస్తే రెండు చోట్లా మారినట్టే కనబడుతుంది, ఎందుకంటే మనిషి ఒక్కడే.

మరి రెండు ఆనవాళ్లు ఒకే మనిషివా, కాదా? మొదటి తప్పు ఇక్కడే చేశాను.

సంఘం దగ్గర పేర్లు మూడు చోట్ల ఉన్నాయి. బడి అడ్మిషన్ రిజిస్టరు, చందా రసీదు పుస్తకాలు, వాట్సాప్ గ్రూపులు. మూడూ కలిపితే ఒకే మనిషి మూడుసార్లు వస్తాడు. అందుకని, కొత్త పేరు చేర్చేముందు అది లిస్టులో ఇప్పటికే ఉందా అని అడిగేలా రాశాను. అలా అడిగితే జావా ఈక్వల్స్ అనే పద్ధతిని సంప్రదిస్తుంది. ఇద్దరూ సమానమని ఎప్పుడు అనాలో మనమే చెప్పాలి. మనం చెప్పకపోతే, ఆబ్జెక్ట్ తనకు తాను తప్ప ఇంకెవరికీ సమానం కాదంటుంది. నేను చెప్పింది ఇదీ: ఇంటిపేరు, పేరు, పదో తరగతి సంవత్సరం కలిస్తే ఒక్కడే.

మా బ్యాచ్‌వాళ్లు అప్పుడే నవ్వుతున్నారు. మా తరగతిలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఇద్దరుండేవారు. పొట్టోడు, పొడుగోడు అనేవాళ్లం. ఇద్దరూ ఈ సభలోనే ఉన్నారు కనుక అసలు పేరు చెప్పను. మొదటి ప్రతి వాట్సాప్‌లో పెట్టిన రాత్రే పొడుగోడి ఫోన్. "ఒరేయ్, నా పేరేదిరా?" అన్నాడు. "ఉంది కదరా, మూడో పేజీ చూడు" అన్నాను. "ఊరు చూడు. అది పొట్టోడిది. నన్ను చంపేశావు" అన్నాడు.

మా లెక్కల మాస్టారు ఆ ఇద్దర్నీ ఒక్కనాడూ తికమకపడలేదు. మార్కులు కూడా మార్చి వేయలేదు, వేసుంటే బాగుండేదని పొట్టోడు ఇప్పటికీ అంటాడు. నేను అడ్మిషన్ నంబరు చూసి పోల్చేలా మార్చాను. రిజిస్టరులో ఇద్దరికీ వేరే నంబర్లున్నాయి. రసీదుల్లో, వాట్సాప్‌లో నంబరు ఉండదు గనుక వాటిని కూర్చుని చేత్తో సరిచూశాను. నాలుగు ఆదివారాలు పట్టింది.

రెండో తప్పు చెప్పడం కొంచెం కష్టం.

రిజిస్టరు చూసి టైపు చేసిన వరుసల్లో కొన్నిటికి పదో తరగతి సంవత్సరం ఖాళీగా ఉంది. అవి పనికిరాని వరుసలనుకుని, సంవత్సరం లేనివన్నీ తీసెయ్యమని రాశాను. లిస్టును మొదటి నుంచి చివరికి చదువుతూ మధ్యలో పేర్లు తీసేస్తుంటే జావా పని ఆపేసి, నేను చదువుతున్న పట్టీని నువ్వు మారుస్తున్నావని ఎర్రర్ ఇచ్చింది. అది మంచి హెచ్చరిక. తొందరలో ఉండి దాని నోరు మూయించాను. నంబరు పెట్టి లెక్కిస్తూ తీసేలా మార్చాను. ఎర్రర్ పోయింది.

కానీ తప్పు పోలేదు. లిస్టులో అయిదో పేరు తీసేస్తే ఆరోది ముందుకు జరిగి అయిదోది అవుతుంది. ప్రోగ్రామేమో నేరుగా ఆరుకు వెళుతుంది. జరిగొచ్చిన పేరును అసలు చూడనే చూడదు. తీసేయాల్సినవి రెండు పక్కపక్కనే ఉంటే రెండోది మిగిలిపోతుంది. చివరి నుంచి మొదటికి వస్తే ఈ బెడద లేదు. 2014 నుంచి దీనికోసమే రిమూవ్‌ఇఫ్ అని ఒకటుంది. అది వాడితే ఒక్క వరుసలో పనైపోతుంది. పిల్లలూ, మీరు నేర్చుకునేటప్పుడు అదే వాడండి.

అలా మిగిలిపోయిన పేర్లు వెతుకుతుంటే ఒక అమ్మాయి పేరు కనబడింది. ఏడో తరగతిలో మాతో చేరింది. వాళ్ల నాన్న కాలువ పనుల్లో మేస్త్రీ. ఆ అమ్మాయి తమ్ముడు ఆరో తరగతిలో అదే రోజు చేరాడు, అందుకే రిజిస్టరులో ఇద్దరివీ పక్కపక్క నంబర్లు. పని అయిపోగానే కుటుంబం వెళ్లిపోయింది. ఎనిమిదో తరగతి మధ్యలో మాస్టారు ఆమె పేరు మీద ఎర్ర సిరాతో గీత కొట్టడం నాకు గుర్తుంది. ఆమె తర్వాతివాళ్ల నంబర్లు మాత్రం మార్చలేదు. ఆ నంబరు దగ్గరికొచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, తర్వాతిది పిలిచేవారు.

నా ప్రోగ్రాము తమ్ముణ్ని తీసేసింది. అతను పోయిన ఖాళీలోకి జరిగింది కాబట్టి అక్క మిగిలింది.

బగ్ సరిచేశాను. ఆమె పేరు కూడా పోయింది. సరిగ్గా పనిచేస్తున్న ప్రోగ్రామును చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. మా బ్యాచ్‌లోనే అలా పోయినవాళ్లు పదకొండు మంది తేలారు. ఒకడు నాకు సైకిలు తొక్కడం నేర్పినవాడు. తొమ్మిదిలో ఫీజు కట్టలేక మానేశాడు. సంవత్సరం ఖాళీగా ఉండటానికి కారణం టైపింగ్ పొరపాటు కాదు, వాళ్లు పదో తరగతి దాకా రాలేదంతే.

కార్యవర్గంలో ఈ సంగతి పెట్టాను. పూర్వ విద్యార్థి అంటే ఇక్కడ పది పూర్తిచేసినవాడేనని ఒకరిద్దరు అన్నారు. సంఘం నియమావళి తీసి చూశాం. ఈ పాఠశాలలో చదివినవారు అని ఉంది, అంతే. ఆ నిబంధన నేను రాసిందే తప్ప సంఘానిది కాదు. తీసేశాను. ఇప్పుడు గోడ మీదున్న జాబితాలో కొన్ని పేర్ల పక్కన పాస్ సంవత్సరం బదులు 6 నుంచి 8 వరకు, 7 నుంచి 9 వరకు అని కనబడుతుంది. సంచికలో కూడా అలాగే వేస్తారు.

అచ్చుకు వెళ్లడానికి ఇంకా వ్యవధి ఉంది. భోజనాలకు వెళ్లేముందు వరండాలో ఒకసారి ఆగి మీ పేరుతో పాటు మీ పక్క బెంచీ వాళ్ల పేరు కూడా చూడండి. గీతలున్న తెల్లకాగితం, పెన్ను అక్కడే పెట్టాను. ఆ అక్కాతమ్ముళ్లు వెళ్లిన ఊరు ఇంకా తెలియలేదు. కాలువ పనుల రోజుల్లో వాళ్లింటి పక్కన ఉన్నవాళ్లెవరైనా ఈ సభలో ఉంటే, దయచేసి నన్ను కలవండి.