బటూమీలో ర్యాపిడ్ చదరంగం
ఒక్కొక్కరికి పది నిమిషాలకు పైగా, గంటకు లోపుగా ఆలోచనా సమయమిచ్చే చదరంగాన్ని ర్యాపిడ్ అంటారు. 2025లో జార్జియాలోని బటూమీలో జరిగిన మహిళల ప్రపంచ కప్ ఫైనల్‌లో, గుడివాడలో పుట్టిన కోనేరు హంపికీ నాగపూర్ క్రీడాకారిణి దివ్యా దేశ్‌ముఖ్‌కూ మధ్య రెండు క్లాసికల్ ఆటలూ, అనగా గంటల తరబడి సాగే ఆటలూ, డ్రా కావడంతో, ఫలితాన్ని తేల్చే భారం జూలై 28న ర్యాపిడ్ ఆటలపై పడింది. మొదటిది డ్రా అయింది. రెండవదానిలో సమయం కరిగిపోతున్న వేళ హంపి పొరబడగా, దివ్య 2.5-1.5తో గెలిచి, దానితోపాటే గ్రాండ్‌మాస్టర్ బిరుదునూ పొందారు. కంప్యూటర్ చూపే ఉత్తమ ఎత్తును మాత్రమే పట్టుకొని ఈ ఆటను తూచడం అన్యాయం. ఆ ఎత్తు వేసేనాటికి గడియారంలో ఎంత మిగిలిందో కూడా విశ్లేషకుడు చూడాలి. ఓడినది సామాన్యురాలు కాదు, 2019లో మాస్కోలోనూ 2024లో న్యూయార్క్‌లోనూ ర్యాపిడ్‌లోనే ప్రపంచ విజేతగా నిలిచిన క్రీడాకారిణి.