రేపు పతకం, ఇవాళ కోటు చీటీ



‘చదువుకోండి, పెద్ద ఉద్యోగం తెచ్చుకోండి, అప్పుడు మిమ్మల్నెవరూ తక్కువ చెయ్యరు’ అని మనకు చెప్పేవాళ్లు చాలామంది. అమెరికాలో నల్లవాళ్లకూ ఈ మాటే చెప్పారు. అక్కడ ఏం జరిగిందో మేం మీ ముందు పెడుతున్నాం.

జాన్ హోప్ ఫ్రాంక్లిన్ నల్లజాతి చరిత్రకారుడు. 1915లో పుట్టాడు. 1941లో హార్వర్డ్‌లో డాక్టరేట్ తీసుకున్నాడు. తెల్లపిల్లలకో బడి, నల్లపిల్లలకో బడి చెల్లదని 1954లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో లాయర్లకు చరిత్ర అందించినవాళ్లలో ఆయనొకడు.

వాషింగ్టన్‌లో కాస్మోస్ క్లబ్ అని ఉంది. పండితులూ పెద్ద అధికారులూ కూర్చునే చోటు. 1962 మొదట్లో కార్ల్ రోవన్ అనే నల్లజాతి జర్నలిస్టును సభ్యుడిగా రానివ్వలేదు. అప్పటికాయన విదేశాంగ శాఖలో పెద్ద అధికారి. గొడవయింది. తెల్ల సభ్యులే కొందరు రాజీనామా చేశారు. ఆ ఏడాదే ఫ్రాంక్లిన్ ఆ క్లబ్బులో మొదటి నల్ల సభ్యుడయ్యాడు.

తలుపు తెరుచుకుంది గదా! మరి 1995లో ఏమైంది? ఆయనకు ఎనభై ఏళ్లు. తెల్లారితే ప్రెసిడెంటు చేతిమీదుగా దేశంలోకెల్లా పెద్ద పౌర పతకం. ముందురోజు రాత్రి అదే క్లబ్బులో స్నేహితులకు విందు ఇస్తున్నాడు. అక్కడ చలికోట్లు వాకిట్లో అప్పజెప్పి చీటీ తీసుకుంటారు. ఒక తెల్లావిడ ఆ చీటీ ఆయనకిచ్చి, నా కోటు తెచ్చిపెట్టు అంది. యూనిఫాం వేసుకున్న పనివాళ్లకిస్తే తెస్తారని ఆయన నెమ్మదిగా చెప్పాడు.

కోటు తెచ్చివ్వడం తక్కువ పని అని మేం అనం. పనిచేసే చేతులు మనవే. ఒంటిరంగు చూసి పని అంటగట్టడం, అదీ అవమానం. ఆమె తిట్టలేదు, కొట్టలేదు. ఆయన సభ్యుడేమో అన్న ఊహే ఆమెకు రాలేదు. తిడితే నిలదీయొచ్చు. రాని ఊహను ఎక్కడ నిలదీస్తాం?

ఇది ఒక్కరి కథ కాదు. ప్రెసిడెంటు కాకముందు బరాక్ ఒబామా సూటు వేసుకుని విందుకెళ్తే కాఫీ తెమ్మన్నారు. హోటల్ బయట కారు కోసం నిలబడితే చేతికి తాళాలివ్వడం, తన వయసు నల్ల ఉద్యోగులందరికీ తెలిసిన అనుభవమేనని 2014లో ఆయనే చెప్పాడు.

చదువు మానమని కాదు. ఒకరికి కుర్చీ దొరకడం గెలుపే. ఆ ఒక్క కుర్చీ చూపించి ‘ఇంకెక్కడుంది వివక్ష?’ అంటే మాత్రం నమ్మకండి. చదువుకున్నవాళ్లు తమ అవమానం చెప్పుకుంటే ‘నీకేం, పెద్ద ఉద్యోగం’ అని నోరు మూయించకండి. వినండి, రాసిపెట్టండి. ఫ్రాంక్లిన్ కూడా దాచుకోలేదు. 2005లో తన జీవితకథలో అచ్చేయించి పదిమంది ముందు పెట్టాడు.