చైత్రమాసము – ప్రపాదానము



ఈ వార్షిక మహాసభయందు చైత్రమాసమును గూర్చి నాలుగు మాటలు విన్నవింపుమని కార్యనిర్వాహకులు మమ్ము కోరియున్నారు. మన యుగాది యీ మాసముననే వచ్చును గావున విషయము మీకందఱకును ప్రియమైనదే యని తలంచుచున్నాము.

పూర్ణిమనాడు చంద్రుడు చిత్రానక్షత్రమున గాని, దాని సమీపమున గాని యుండుటచే నీ మాసమునకు చైత్రమని పేరు గలిగెను. ఇంతకంటె ప్రాచీనమైన నామము వేఱొకటి గలదు. తైత్తిరీయసంహిత వసంతర్తువునకు మధువు, మాధవము అను రెండు మాసములను జెప్పుచున్నది. అందు మధువే మన చైత్రము, మాధవము వైశాఖము.

చాంద్రవత్సరమునకు రమారమి 354 దినములు; సౌరవత్సరమునకు 365 దినములు. ఏటేట నిట్లు 11 దినములు ముందునకు జరుగుచుండినచో, కొలదియేండ్లలో చైత్రము శిశిరమునకును, పిదప హేమంతమునకును తొలగిపోవలసినదే. సూర్యుడు మేషమున బ్రవేశించు చాంద్రమాసమే చైత్రమనియు, సంక్రాంతి లేని మాసము అధికమాసమనియు పూర్వు లేర్పఱచిన నియమమే దానిని వసంతమున నిలిపినది. 1957వ సంవత్సరము మార్చి 22వ తేదీనుండి భారతప్రభుత్వము ప్రవేశపెట్టిన జాతీయపంచాంగము సౌరమానమే యైనను, అందును చైత్రమే ప్రథమమాసము.

యుగాదినాటి అభ్యంగనము, పంచాంగశ్రవణము, నవమినాటి సీతారామకల్యాణము, పానకము, వడపప్పు మీ రెఱిగినవే. వేపపూత, లేతమామిడి, క్రొత్తచింతపండు, క్రొత్తబెల్లము ఆ ఋతువున చేతికందునవి గావుననే పచ్చడి యయ్యెను.

అయితే యీ మాసధర్మములలో మనము మఱచుచున్న దొకటి గలదు. అది ప్రపాదానము, అనగా చలివేంద్రము. చైత్రమున నారంభించి నాలుగు మాసములు బాటసారులకు చల్లనినీ రొసంగవలెననియు, అంతటి శక్తి లేనివారు దినమున కొక్క నీటికుండనైన దానము సేయవలెననియు ధర్మశాస్త్రనిబంధములు విధించుచున్నవి. ఈ ప్రప సర్వభూతములకును సామాన్యమని పలికి దాత దానిని ధారవోయవలెను. ఆ మాటలో ఏ కులమునకును మినహాయింపు లేదు.

ఇట్లుండగా, కొందఱకు లోటా నందిచ్చి, కొందఱకు దోసిట నెత్తినుండి పోయు నాచారము మన దేశమున చిరకాలము సాగినది. 1950వ సంవత్సరము జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసెను. చట్టమునకు జంకి మానుట వేఱు, ధర్మ మెఱిగి మానుట వేఱు. కులముపేర సంఘముగా గూడిన మనకు ఈ పరీక్ష యితరులకంటె కఠినమైనది.

కావున ప్రతి శాఖాసంఘమును యుగాదినాడొక చలివేంద్రమును నెలకొల్పవలెనని ప్రార్థించుచున్నాము. ప్రారంభదినమున ఛాయాచిత్రము దీయించుకొని, పక్షము దిరుగకమున్నే కుండల నెండనిచ్చినచో నది ప్రపాదానము కాజాలదు. కుండలను నిత్యము కడుగుటకును, నీరు నింపుటకును ఒక మనిషిని నాలుగు మాసములకు నియమించి, ఆ జీతమును పోషకులు ముందుగనే సమకూర్పవలయును. దాత పేరు పందిరిపై వ్రాయుడు. త్రాగువాని కులము నడుగకుడు. అందఱకు నొక్కటే లోటా యుండవలెను.

ఈ తీర్మానము నేడే గైకొనబడుగాక యని కోరుచున్నాము.