లక్కపై నిలిచిన కంఠము



హైదరాబాదు పాతబస్తీలోని లాడ్‌బజారులో నడచువారికి నిప్పుసెగపై లక్కను కరగించి గాజులు చేయు పనివారు కానవత్తురు. ఆ లక్కతోనే ఒకప్పుడు గ్రామఫోను రికార్డులును తయారయ్యెడివి. లక్కను రాతిపొడితో కలిపి, వేడిచేసి, అచ్చున నొత్తి, గాయకుని కంఠమును దానిపై సన్నని గీతగా నిలిపెడివారు. గాజు పగిలినచో మరియొకటి కొనవచ్చును. రికార్డు పగిలినచో అందలి కంఠము మరల దొరకుట దుర్లభము. ఈ సంగతినే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

1902వ సంవత్సరము నవంబరులో కలకత్తాయందు గౌహర్ జాన్ అను గాయని పాటలను రికార్డు చేసిరి. ఆ యేటనే పంజాబులోని కసూరున ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ గారు జన్మించిరి. దేశవిభజనానంతరము వారు 1957లో భారత పౌరసత్వమును, 1962లో పద్మభూషణ బిరుదమును పొందిరి. తుదినాళ్ల పక్షవాతముచే పీడితులై, 1968 ఏప్రిల్ మాసమున మన హైదరాబాదులోనే, బషీర్‌బాగ్ ప్యాలెస్‌యందు కన్నుమూసిరి. పాతబస్తీలోని దాయరా మీర్ మోమిన్‌లో వారి సమాధి కలదు.

వారి రికార్డులను జనులు నేటికిని విడువకుండుటకు కారణమేమి? ఆనాటి రికార్డు నిమిషమునకు 78 మార్లు తిరిగెడిది. ఒక ప్రక్క పాడుటకు సాధారణముగా సుమారు మూడు నిమిషముల వ్యవధియే యుండెడిది. కచేరీలో గంటసేపు సాగు రాగమును అంతలోనే నిలుపవలెను. మన ఆటవెలదికి నాలుగు పాదములే కదా! వేమన ఆ నాలిగింటిలోనే లోకమును చూపెను. ఉస్తాద్‌గారును అట్లే. మంద్రమునుండి తారస్థాయి వరకు వారి గొంతు తడబాటు లేక ప్రాకును. ఠుమ్రీలో ఒక్క మాటను పలుమార్లు పలికినను, పలికిన ప్రతిమారు భావము మారును. వ్యర్థమైన స్వర మొకటియు కానరాదు. కావుననే నూరవమారు వినినను క్రొత్త సంగతి చెవినిబడును.

ఇక నా తప్పిదమును చెప్పుకొందును. మా తండ్రిగారును తెలుగు పండితులే. వారి ట్రంకు పెట్టెలో ఉస్తాద్‌గారి ఠుమ్రీలును, కపిలవాయి రామనాథశాస్త్రిగారి నాటకపద్యములును కలసియుండెడివి. నేను అప్పుడే విద్వత్పరీక్ష నెగ్గినవాడను. గానము గురుముఖమున వినవలెను గాని యంత్రమున నేమి యున్నదని వాదించెడివాడను. వారు పరమపదించిన పిదప, ఇల్లు ఖాళీచేయునపుడు ఆ పెట్టెను పాతసామానులవానికి తూకమున నిచ్చివేసితిని. యంత్రముపై నుండుటచే ఒక్క రికార్డు మాత్రము మిగిలెను.

నేను ఉద్యోగమునుండి విరమించిన తరువాత నా పూర్వశిష్యుడొకడు ఆ యంత్రమును బాగుచేసి, క్రొత్త ముల్లు తగిలించెను. బరబర ధ్వని నడుమ ఉస్తాద్‌గారి ఠుమ్రీ వినవచ్చెను. ఒకచోట స్వరము క్రిందికి జారి నిలిచినది. మా తండ్రిగారు సరిగా అచ్చటనే కన్నులు మూసి తల యూచెడివారు. అది యేలనో నాకు ఆనాడు బోధపడినది. చెప్పుకొనుటకు వారు లేరు.

పెద్దలారా, మీ యిండ్ల అటకలపైనను ఇట్టి పెట్టెలు ఉండవచ్చును. రికార్డులను ఒకదానిపై నొకటి పేర్చక, నిలువుగా నుంచుడు. ఎండ తగిలినచో లక్క వంకరపోవును. ఎండకు దూరముగా నుంచుడు. ఆ ధ్వనిని కంప్యూటరులోనికి ఎక్కించు సాధనములు నేడు కలవు. తెలిసిన పిల్లలకు ఆ పని యప్పగింపుడు. ఏ పాట యింటిలో నెవరికి ఇష్టమో ఒక కాగితముపై వ్రాసి దానితో నుంచుడు. రాబోవు పండుగకు అటక దులుపునాడు మీరు దగ్గరనే యుండుడు.

సెలవు.